ఇంటింటి తలుపు తట్టిన వైద్యుడు: డాక్టర్ జాన్ స్నో

తెలంగాణ పల్లెల్లో పెద్దలు కోపం పట్టలేనప్పుడు గత్తర పేరెత్తి శపించడం మనలో చాలామంది విన్నదే. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ఆ రోగాన్ని హైజా అంటారు. వైద్య గ్రంథాలలో అది విసూచి, పత్రికల భాషలో కలరా. పేర్లు ఎన్నయినా, ఉదయం పనికి వెళ్ళిన మనిషిని మరుసటి సూర్యోదయం చూడనీయక, వాంతులతో విరేచనాలతో దేహంలోని నీటినంతా తోడివేసి ప్రాణం తీసే ఆ వ్యాధి భయంకర స్వరూపం అన్ని భాషలవారికీ ఒకటే. గంగానదీ ముఖద్వార ప్రాంతంలో చిరకాలంగా ఉండిన ఈ వ్యాధి 1817లో ఆ ఎల్లలు దాటింది. సైన్యాల వెంట, వర్తకుల ఓడల వెంట దేశదేశాలకూ వ్యాపించి, 1831లో ఇంగ్లండులోని సండర్లాండ్ రేవులో అడుగుపెట్టింది. అది ఒకరినుండి ఒకరికి ఏ మార్గాన పాకుతున్నదో మృతుల జాబితా చేతబట్టి ఇల్లిల్లూ తిరిగి తెలుసుకున్న ఒక వైద్యుని జీవితకథను విద్యార్థి మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాస లక్ష్యం.

జాన్ స్నో 1813 మార్చి 15న ఇంగ్లండు ఉత్తర భాగాన యార్క్ నగరంలో జన్మించాడు. తండ్రి బొగ్గు గిడ్డంగిలో కూలి. తొమ్మిదిమంది సంతానంలో జాన్ జ్యేష్ఠుడు. వారి ఇల్లు ఊజ్ నది ఒడ్డున, వరద వస్తే వీధులు మునిగే పేటలో ఉండేది. పద్నాలుగో ఏట, 1827లో, న్యూకాజిల్ నగరంలోని ఒక శస్త్రవైద్యుని వద్ద ఆయన శిష్యుడుగా చేరాడు. ఆ రోజుల్లో వైద్యవిద్య అభ్యసించడానికి బీదవారికున్న దారి అదే. పదిహేడో ఏటనే మాంసాహారం విడిచిపెట్టాడు. మద్యం మానివేశాడు. తాగే నీటిని శుద్ధి చేసుకోనిదే నోట పోసుకునేవాడు కాడు. తోటివారికి ఇదంతా చాదస్తంగా తోచి ఉంటుంది. ఆయన మాత్రం జీవితాంతం అవివాహితుడుగా, మితభాషిగా, తన నియమాలతో తాను బ్రతికాడు.

కలరా ఇంగ్లండు చేరినప్పుడు ఆయన వయస్సు పద్దెనిమిది. న్యూకాజిల్ సమీపంలోని కిల్లింగ్‌వర్త్ బొగ్గు గనుల్లో రోగం ప్రబలగా, గురువు ఈ యువకుణ్ణి ఒంటరిగా అక్కడికి పంపాడు. చేతిలో సరైన మందు లేదు. అసలు ఆనాడు ఎవరి వద్దా లేదు. ఆయనకు మిగిలింది చూడటమే. గని కార్మికులు తెల్లవారకముందే భూగర్భంలోకి దిగి, ఎనిమిది తొమ్మిది గంటలు అక్కడే ఉండి, వెంట తెచ్చుకున్న రొట్టెను కడుగని చేతులతో తినేవారు. మలవిసర్జనకు వేరే చోటు లేదు. ఒకడు పడిపోతే, మరి రెండు రోజుల్లో అతని పక్కన పనిచేసినవాడు పడిపోయేవాడు. గనులలోని ఈ స్థితిగతులు ఇరవై ఏళ్ళ తరువాత ఆయన గ్రంథంలో ప్రమాణాలుగా నిలిచాయి.

1836లో లండన్ చేరి, 1838లో వైద్యవృత్తికి అర్హత పొంది, 1844లో లండన్ విశ్వవిద్యాలయం నుండి ఎం.డి. పట్టం సాధించాడు. 1846 చివర ఈథర్ ఆవిరితో నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేసే పద్ధతి అమెరికానుండి వచ్చింది. ఎందరో దానిని గుడ్డిగా ప్రయోగిస్తూండగా, ఎంత వేడికి ఎంత ఆవిరి, ఎంత ఆవిరికి ఎంత మత్తు అని లెక్కగట్టి పరికరం నిర్మించినవాడు స్నో. తరువాత క్లోరోఫాం వాడకంలోనూ ఆయనే ప్రథమగణ్యుడు. 1853 ఏప్రిల్ 7న, మళ్ళీ 1857లో విక్టోరియా రాణి ప్రసవ సమయాలలో క్లోరోఫాం ఇచ్చినది ఆయనే. కూలివాని కుమారుడు రాజప్రాసాదంలో అడుగుపెట్టాడు.

ఇక్కడ మన నగరానికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పక తప్పదు. ఘాటైన క్లోరోఫాం ఆవిరి నేరుగా గుండెను ఆపివేయగలదని స్నో తేల్చాడు. ఆయన మరణించిన ముప్పై ఏళ్ళకు, 1888లోనూ 1889లోనూ, హైదరాబాద్‌లో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో రెండు క్లోరోఫాం కమిషన్లు పరిశోధన జరిపాయి. రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన నడచిన ఆ కమిషన్లు, ముందు ఆగేది శ్వాసయే గాని గుండె కాదని, కనుక శ్వాసను కనిపెట్టుకొని ఉంటే చాలునని తీర్మానించాయి. ఆ తీర్మానంతో హైదరాబాద్ పేరు వైద్యలోకమంతటా మారుమ్రోగింది. అయితే 1911లో గుడ్‌మన్ లెవీ జరిపిన ప్రయోగాలు స్నో పక్షాన్నే బలపరిచాయి. మన నగరం ఖర్చుపెట్టి చేసిన పరిశోధన పూర్తిగా నిలువలేదని చెప్పుకోవడానికి సంకోచమెందుకు? పొరపాటు తేలడం కూడా శాస్త్రంలో ఒక లాభమే.

ఆవిరుల స్వభావం అంతగా ఎరిగినవాడు గనుకనే స్నోకు కలరా విషయంలో తన కాలపు పండితులతో పొసగలేదు. మురుగునుండి, కుళ్ళునుండి పుట్టే దుర్గంధపు గాలియే వ్యాధికి మూలమని ఆనాడు ప్రభుత్వమూ, వైద్యులూ గాఢంగా నమ్మారు. ఆ నమ్మకంతోనే వీధుల్లోని కంపును తొలగించడానికని లండన్ మురుగునంతటినీ థేమ్స్ నదిలోకి వదిలారు. ఊరికి తాగునీరిచ్చేది కూడా ఆ నదే! స్నో ఆలోచన వేరుగా సాగింది. గాలి దూరం పోయినకొద్దీ పలుచబడుతుంది. దుర్వాసన మధ్య పనిచేసే చర్మకారులకు, ఎముకలు మరిగించేవారికి కలరా ప్రత్యేకంగా సోకడం లేదు. పైగా ఈ రోగం ఊపిరితిత్తులలో మొదలుకాదు, ప్రేగులలో మొదలవుతుంది. కనుక విషం నోటిద్వారా కడుపులో చేరుతున్నది. రోగి మలంనుండి వెలువడి, నీటిద్వారా, చేతులద్వారా మరొకరి నోటికి అందుతున్నది. ఈ వాదాన్ని 1849లో చిన్న పుస్తకంగా ప్రకటించాడు. ఊహ బాగున్నది గాని రుజువు చాలదని విమర్శకులు పెదవి విరిచారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

రుజువుకు కావలసిన సామగ్రి ఒక ప్రభుత్వ కార్యాలయంలో దొరికింది. ఇంగ్లండులో 1837 జూలైనుండి ప్రతి జననాన్నీ మరణాన్నీ నమోదు చేయడం మొదలైంది. ఆ కార్యాలయంలో గణాంకాలు కూర్చిన విలియం ఫార్ అనే వైద్యుడు, మరణించినవారి సంఖ్యతో పాటు ఏ వీధిలో, ఏ వయస్సున, ఏ వ్యాధితో మరణించారో వర్గీకరించి, లండన్ లెక్కలను వారంవారం ప్రకటించే పద్ధతిని నెలకొల్పాడు. ఈనాడు వ్యాధుల నిఘా అని మనం పిలిచేదానికి తొలిరూపం ఇదే. విశేషమేమిటంటే ఫార్ స్వయంగా దుర్గంధవాది. నేల ఎత్తు పెరిగినకొద్దీ కలరా మరణాలు తగ్గుతున్నాయని లెక్కలతో నిరూపించి, పల్లంలోని చెడుగాలియే కారణమని ఆయన భావించాడు. ఐనా, తనతో ఏకీభవించని స్నో అడిగినప్పుడు చిట్టాలు తెరిచి ఇచ్చాడు. ఆ ఔదార్యమే లేకుంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

1854లో కలరా మళ్ళీ వచ్చింది. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు ఒకే వీధుల్లో పోటీగా గొట్టాలు వేసి నీరు అమ్మేవి. వాటిలో లాంబెత్ కంపెనీ 1852లో తన నీటిని తోడే చోటును నగరపు మురుగు చేరని ఎగువ ప్రాంతానికి మార్చుకున్నది. సౌత్‌వర్క్ వాక్స్‌హాల్ కంపెనీ మాత్రం బ్యాటర్సీ వద్ద మురుగు కలిసిన నీటినే తోడుతూ వచ్చింది. పక్కపక్క ఇళ్ళు, ధనికులు, బీదలు, వృద్ధులు, శిశువులు అందరూ రెండు వైపులా ఉన్నారు, పీల్చే గాలి ఒకటే, తాగే నీరు మాత్రం వేరు. ఏ శాస్త్రజ్ఞుడూ తలపెట్టలేని మహాప్రయోగం మూడు లక్షల జనం మీద దానంతటదే జరుగుతున్నదని గ్రహించడంలోనే స్నో ప్రతిభ ఉన్నది.

అయితే ప్రతి మరణమూ ఏ నీటి ఇంట జరిగిందో తెలియాలి. మృతుల చిరునామాలు తీసుకొని స్నో వీధులవెంట బయలుదేరాడు. చాలామంది అద్దె ఇళ్ళవారికి తమ నీరు ఏ కంపెనీదో తెలియదు. పన్ను కట్టేది ఇంటి యజమాని. అటువంటి చోట ఒక చిన్న సీసాలో నీరు పట్టి, సిల్వర్ నైట్రేటు కలిపి పరీక్షించేవాడు. సముద్రపు ఆటుపోట్లు తాకే చోట తోడిన సౌత్‌వర్క్ నీటిలో ఉప్పు రెండో కంపెనీ నీటిలోకన్న సుమారు 40 రెట్లు ఎక్కువ కనుక, ఏది ఏదో వెంటనే తేలిపోయేది. తొలి ఏడు వారాల లెక్క ఇలా వచ్చింది: సౌత్‌వర్క్ నీరు వాడిన 40,046 ఇళ్ళలో 1,263 మరణాలు; లాంబెత్ నీరు వాడిన 26,107 ఇళ్ళలో 98 మరణాలు. పదివేల ఇళ్ళకు చూస్తే ఒకవైపు 315, మరొకవైపు 37. ఇంటింటికీ తిరిగిన ఈ శ్రమను ఆయన ఎవరి ఉత్తరువు మీదనో చేయలేదు. క్లోరోఫాం ఇచ్చి సంపాదించే గంటలను వదులుకొని చేశాడు.

ఈ పనిలో నిమగ్నుడై ఉండగానే ఆయన నివాసానికి దగ్గరలోనే పిడుగు పడింది. ఆగస్టు 31 రాత్రి సోహో ప్రాంతంలోని బ్రాడ్ స్ట్రీట్ పరిసరాల్లో కలరా ఒక్కసారిగా విరుచుకుపడింది. నాలుగడుగుల దూరంలోనే మరో ఇంట్లో శవం లేస్తున్న ఆ వీధినుండి బ్రతికినవారు మూటాముల్లె సర్దుకొని పారిపోయారు. పది రోజుల్లో, 250 గజాల పరిధిలో, ఐదువందలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ వీధిలోని చేతిపంపు నీటిపై స్నోకు అనుమానం కలిగింది. సెప్టెంబరు 3 సాయంకాలం ఆ నీటిని పట్టి చూస్తే తేటగానే కనిపించింది! తన సిద్ధాంతం తప్పేమోనని ఆయన తటపటాయించాడు. కంటికి దొరకని సాక్ష్యాన్ని చిట్టాలో వెదకాలని నిశ్చయించి, ఫార్ కార్యాలయంనుండి ఆ వారపు మృతుల జాబితా తెచ్చుకున్నాడు. అందులో 83 మంది పేర్లున్నాయి. వారిలో 73 మంది ఆ పంపుకు దగ్గరివారు. మిగిలిన పది ఇళ్ళకు వేరే పంపులు దగ్గర. అక్కడికీ వెళ్ళి అడిగాడు. ఐదు కుటుంబాలవారు రుచిగా ఉంటుందని ఎప్పుడూ బ్రాడ్ స్ట్రీట్ నీరే తెప్పించుకునేవారట. మరి ముగ్గురు ఆ పంపు సమీపంలోని బడికి వెళ్ళే పిల్లలు.

నా దృష్టిలో స్నో గొప్పదనం ఇంతకన్నా మిన్నగా కనిపించేది, రోగం రావలసి ఉండి రానిచోటా, రాకూడనిచోట వచ్చినచోటా ఆయన ఆగి అడిగిన తీరులో. పంపుకు చేరువలోని అనాథ శరణాలయంలో 535 మంది నివసిస్తుండగా మరణించినవారు ఐదుగురే. వారికి సొంత బావి ఉన్నది. అదే వీధిలోని బీరు కర్మాగారంలో 70 మందికి పైగా పనివారుండగా ఒక్కరూ మరణించలేదు. వారు ఇచ్చిన బీరే తాగేవారు, వీధి పంపు జోలికి పోయేవారు కాదు. పక్కనే తుపాకి టోపీలు చేసే కర్మాగారంలో మాత్రం, రెండు తొట్లలో పంపునీరు నింపి ఉంచడం వల్ల, 18 మంది చనిపోయారు. ఇక దూరాన హాంప్‌స్టెడ్‌లో, కలరా జాడే లేని చోట, ఒక వృద్ధ వితంతువు ఎందుకు మరణించింది? స్నో అక్కడికీ వెళ్ళాడు. ఆమె పూర్వం బ్రాడ్ స్ట్రీట్‌లో కాపురమున్నది; ఆ నీటి రుచి మరువలేక బండి మీద రోజూ ఒక పెద్ద సీసా తెప్పించుకునేది. ఆగస్టు 31న వచ్చిన నీరు తాగి రెండు రోజులకే కన్నుమూసింది. ఆమెను చూడవచ్చి ఆ నీరే తాగిన మేనకోడలు ఇస్లింగ్టన్‌లోని తన ఇంటికి తిరిగివెళ్ళి మరణించింది. చెడుగాలి సిద్ధాంతం ఈ రెండు మరణాల ముందు నోరు మెదపలేదు.

సెప్టెంబరు 7, గురువారం సాయంత్రం పారిష్ పెద్దల సమావేశానికి వెళ్ళి స్నో తన లెక్క వినిపించాడు. వారు పూర్తిగా నమ్మకపోయినా, మరునాడు పంపు పిడిని ఊడదీయించారు. దానితోనే మహమ్మారి ఆగిపోయిందనీ, పటం గీసి చూసి స్నో పంపును కనిపెట్టాడనీ పుస్తకాలలో కనిపిస్తుంది. రెండూ సరికావు. ప్రసిద్ధికెక్కిన ఆ పటం తరువాత, వాదనను ఇతరులకు చూపడానికి గీసినది. జనం వలసపోవడంతో రోగం అప్పటికే తగ్గుముఖం పట్టిందని స్నో స్వయంగా ఒప్పుకున్నాడు. తనకు అనుకూలంగా ఉన్నదానినైనా ఉన్నదానికన్న ఎక్కువ చేసి చెప్పని నిజాయితీ ఆయనది.

అయినా పిడి ఊడదీయడం వృథా కాలేదు. దానిని తేల్చినవాడు స్నోను ఖండించాలని బయలుదేరిన హెన్రీ వైట్‌హెడ్ అనే యువ మతాచార్యుడు. ఆ పేటలోని ప్రతి గడపా ఎరిగినవాడు. మృత్యుశయ్యల పక్కన కూర్చున్నవాడు. పంపునీరు తాగి కోలుకున్నవారిని తాను చూశానని, స్నో మాట తప్పని రుజువు చేస్తానని ఒక్కొక్క ఇంటికి నాలుగైదుసార్లు తిరిగి విచారించాడు. కొన్ని నెలల శ్రమ తరువాత, తాను ఓడిపోయానని ఆయన నిస్సంకోచంగా అంగీకరించాడు. అంతేకాదు, స్నోకు దొరకని మొదటి కొసను కూడా ఆయనే పట్టుకున్నాడు. పంపు ఎదుట 40వ నంబరు ఇంట్లో ఒక పోలీసు ఉద్యోగి పసిబిడ్డ ఆగస్టు చివర అతిసారంతో బాధపడి సెప్టెంబరు 2న మరణించింది. బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని తల్లి ఇంటి ముందరి మలగుంటలో పోసేది. 1855లో త్రవ్వి చూడగా ఆ గుంట గోడలు శిథిలమై, మూడడుగుల దూరమైనా లేని బావిలోకి ఊట దిగుతూ ఉండటం బయటపడింది. ఆ బిడ్డ తండ్రికి కలరా సోకినది సెప్టెంబరు 8న, సరిగ్గా పంపు పిడి తీసిన రోజునే. అతడు పదకొండు రోజులు బాధపడి మరణించాడు. ఆ పంపు పనిచేస్తూనే ఉంటే, తగ్గుముఖం పట్టిన రోగం ఆ ఇంటినుండే మళ్ళీ బావిలోకి దిగి ఉండేది.

స్నోకు దక్కిన ఫలితం మాత్రం చేదుది. ఆరోగ్య మండలి నియమించిన సంఘం 1855లో ఆయన వాదాన్ని త్రోసిపుచ్చింది. పారిష్ పెద్దలు పిడిని మళ్ళీ బిగించారు. అదే సంవత్సరం పార్లమెంటు ఉపసంఘం ముందు, దుర్వాసన గల వృత్తులు అంటువ్యాధులకు కారణం కావని సాక్ష్యమిచ్చినందుకు లాన్సెట్ పత్రిక ఆయనను తీవ్రంగా దుయ్యబట్టింది. సొంత ధనం వెచ్చించి విస్తరింపజేసి ప్రకటించిన కలరా గ్రంథం రెండవ ముద్రణ కొద్ది ప్రతులే అమ్ముడుపోయింది. 1858 జూన్ 10న క్లోరోఫాం గ్రంథం వ్రాస్తూండగా పక్షవాతం సోకింది. జూన్ 16న, నలభై అయిదేళ్ళ ప్రాయంలో, అస్తమించాడు. లాన్సెట్ రెండు వాక్యాలలో ఆ వార్త ముగించింది. అందులో కలరా మాటే లేదు. ఆ లోపాన్ని సవరించుకుంటూ అదే పత్రిక 2013లో, నూటయాభైఅయిదేళ్ళ తరువాత, సమగ్రమైన స్మృతివ్యాసం ప్రకటించింది. కలరా సూక్ష్మజీవిని ఇటలీలో పాచీని 1854లోనే చూసినా లోకం పట్టించుకోలేదు. రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలో పరిశోధించి నిర్ధారించేవరకు స్నో వాదానికి పూర్తి రుజువు రాలేదు.

ఆయన నడచిన దారి ఇప్పుడొక విద్యగా మారింది. అమెరికాలో 1951లో అంటువ్యాధుల విచారణకై నెలకొల్పిన క్షేత్ర వైద్యుల దళం, చిల్లిపడిన బూటు అడుగును తన చిహ్నంగా పెట్టుకున్నది. మన దేశంలో 2001లో చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఇటువంటి క్షేత్ర శిక్షణను ఆరంభించింది. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా పథకంలో, పల్లె ఉపకేంద్రంలోని ఆరోగ్య కార్యకర్త ఎన్ని జ్వరాలు, ఎన్ని విరేచనాలు చూసిందో వారంవారం పై అధికారులకు పంపే ఏర్పాటు చేశారు. ఆమె నింపే గడులు లండన్‌లో ఫార్ తెరిచిన చిట్టాల సంతానమే. ఆ గడులను ఒకచోట అలవాటుగా, మరొకచోట భయంతో సున్నాలతో నింపితే, ఎంత చదివిన నిపుణుడైనా ఏ గడపకు వెళ్ళాలో తెలియక నిలిచిపోతాడు.

స్నో గతించిన ఎనిమిదేళ్ళకు, 1866 వేసవిలో, కలరా తూర్పు లండన్ మీద పడింది. ఫార్ అప్పటికీ అదే కార్యాలయంలో, అవే చిట్టాల ముందు ఉన్నాడు. మరణాలు ఒకే ప్రాంతంలో గుమిగూడటం చూసి ఈసారి ఆయన నేల ఎత్తు కొలవలేదు, గాలి సంగతి అడగలేదు. మొదట చూసినది ఆ వీధులకు నీరిచ్చే కంపెనీ ఏదని. తూర్పు లండన్ కంపెనీ ఓల్డ్ ఫోర్డ్ వద్దనున్న తన చెరువులనుండి వడగట్టని నీటిని వదిలినట్టు విచారణలో బయటపడింది. మరిగించనిదే నీరు తాగవద్దని ఆ పేటల గోడల మీద ప్రకటనలు అంటించారు. నీటిద్వారానే రోగం ప్రాకుతున్నదని ఒప్పుకుంటూ ఫార్ ఆ సంవత్సరపు నివేదిక సిద్ధం చేశాడు. అందులో స్నో చేసిన కృషిని గౌరవంతో స్మరించాడు.